అత్తగారు పట్టిన బంతి

దేవకుమార్‌కి బేస్‌బాల్ ఆడటం పెద్దగా రాదు. చూడటం వచ్చు, వినడం ఇంకా బాగా వచ్చు, దాని గురించి మాట్లాడమంటే ఎదుటివాడు లేచి వెళ్ళిపోయినా ఫరవాలేదన్నంత వచ్చు. అమెరికాలో, సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇంజినీరు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కారు రేడియోలో ఆట కామెంటరీ మోగుతూ ఉండాల్సిందే. ఇంటి ముందు కారు ఆపాక కూడా ఆ ఇన్నింగ్స్ ముగిసేదాకా దిగేవాడు కాదు. వంటింటి కిటికీలోంచి అతని భార్య లూసీ ఒక చూపు చూసి, కూర మీద మూత పెట్టేసి, తన పని తాను చూసుకునేది.

ఎనభై మూడు వేసవిలో ఊళ్ళో వచ్చే వారపత్రికలో ఒక ప్రకటన పడింది. మన ఊరి పార్కుల్లో, స్కూలు మైదానాల్లో జరిగే బేస్‌బాల్ ఆటల గురించి వారం వారం రాసేవారు కావాలని దాని సారాంశం. పేరు అచ్చులో వేస్తారు. అంతే, దేవకుమార్‌కి నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ కారులో ఒంటరిగా కూర్చుని పోగుచేసుకున్న జ్ఞానమంతా ఎవరి కోసమో ఇప్పుడు తెలిసినట్టయింది. అతనికి ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదు, ఆ చిన్న శీర్షిక కింద తన పేరు ఉంటే చాలు.

పత్రిక ఎడిటర్ మిసెస్ డోనెలీ అనే పెద్దావిడ. జుట్టులో ఒక పెన్సిలు, చెవి మీద ఒక పెన్సిలు, చేతిలో ఒక పెన్సిలు. దేవకుమార్ ఇచ్చిన రెండు నమూనాలు చదివి టేబుల్ మీద పెట్టింది.

"మొదటిదాంట్లో సూర్యాస్తమయం ఉంది. చాలాసేపు ఉంది" అంది. "రెండోదాంట్లో సగటులూ శాతాలూ ఉన్నాయి. రెండింట్లోనూ మనుషులు లేరు. మీరు కూడా లేరు."

"నేను అక్కడే ఉన్నానండీ, మొదటి వరసలో కూర్చున్నాను" అన్నాడు దేవకుమార్.

"మీరు చెప్తే నమ్ముతాను. మీ రాత చెప్పడం లేదు."

దేవకుమార్ మనసు చివుక్కుమంది. అయినా ఇంజినీరు కదా, సమస్య ఉంటే దానికి ఫార్ములా కూడా ఉండాలని అతని నమ్మకం. "అసలు గొప్ప బేస్‌బాల్ రచయిత కావాలంటే ఏం ఉండాలండీ?" అని అడిగాడు.

"తెలిస్తే నేనే అయ్యేదాన్ని" అంది ఆవిడ. "ఒక్కటి మాత్రం తెలుసు. చదివేవాడికి, వీడు అక్కడ నిలబడి కళ్ళతో చూశాడని నమ్మకం కుదరాలి. ఇంకో ఇద్దరు కూడా నమూనాలు ఇచ్చారు. సోమవారం మధ్యాహ్నం వరకూ టైము ఉంది. మీరు చూసిన ఏదో ఒక ఆట పట్టుకు రండి. సూర్యుణ్ణి వదిలేయండి."

ఆ శనివారం స్కూలు మైదానంలో మంచి ఆట ఉంది. వెళ్ళి, కళ్ళు పెద్దవి చేసుకుని చూద్దామనుకున్నాడు. లూసీ ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది.

"ఈ శనివారం సంఘం పిక్నిక్ అండీ. మర్చిపోయారా? అమ్మ కూడా వస్తోంది. మీరు రాకపోతే అమ్మకి మీరే ఎక్స్‌ప్లెయిన్ చేసుకోండి. నా వల్ల కాదు."

అత్తగారికి సంజాయిషీ చెప్పుకునే ధైర్యమే ఉంటే దేవకుమార్ ఇంజినీరు కాక ఇంకేదో అయ్యేవాడు. పిక్నిక్‌కే వెళ్దామన్నాడు. అక్కడా ఆట ఉంటుంది కదా, అదే చూసి రాయవచ్చని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

అక్కడి ఆట గురించి కాస్త చెప్పాలి. తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలులో ఆరాధన జరుపుకునేవారు. అందులో సగం మంది గుంటూరు వైపు లూథరన్లు, సగం మంది ఒంగోలు వైపు బాప్టిస్టులు. పసిబిడ్డ తల మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలని లూథరన్లు అంటారు. ఎదిగిన మనిషిని నిలువునా నీళ్ళలో ముంచితే తప్ప లెక్కలోకి రాదని బాప్టిస్టులు అంటారు. హాలులో ఈ వాదన ఎత్తకూడదని పాస్టర్ ఏసుపాదం గారు గట్టిగా చెప్పేశారు. దాంతో పాపం ఆ వాదన ఎక్కడికి పోతుంది? ఏటేటా పిక్నిక్ మైదానంలో తేలేది. లూథరన్లు ఒక జట్టు, బాప్టిస్టులు ఒక జట్టు. ఏసుపాదం గారు ఆ రెంటికీ చెందని దోర్నకల్ మనిషి కనక అంపైర్ ఆయనే. ఆయనకి ఆట నియమాలు తెలియవన్నది ఎవరికీ అభ్యంతరంగా తోచలేదు.

దేవకుమార్ లూథరన్. లూసీ బాప్టిస్టు. లూసీ తల్లి వసంతకుమారి గారు ఒంగోల్లో ఆడపిల్లల హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై, కూతురి దగ్గరికి వేసవికి వచ్చారు. పెళ్ళయ్యాక అల్లుడు బాప్తిస్మం పుచ్చుకుంటాడనే నమ్మకంతో ఆవిడ ఈ సంబంధానికి ఒప్పుకున్నారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, అల్లుడు ఇంకా పొడిగానే ఉన్నాడు. ఆవిడ పోట్లాట మనిషి కాదు. స్కూలు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుతో ఎలా మాట్లాడేవారో అల్లుడితో అలా మాట్లాడేవారు, అంటే మర్యాద దండిగా, చనువు మచ్చుకి కూడా లేకుండా.

శనివారం మైదానంలో బిర్యానీ గిన్నెలు దిగాయి, పుచ్చకాయలు దిగాయి, అమెరికన్ చర్చి వాళ్ళు ఎరువిచ్చిన బ్యాట్లూ గ్లవ్సూ ఉన్న సంచీ దిగింది. బాప్టిస్టులకి ఒక మనిషి తక్కువయ్యాడు. వాళ్ళ తరఫున బంతి విసిరే దెబోరా, ఆసుపత్రిలో నర్సు, చెయ్యి చాలా బలమైనది, నేరుగా వసంతకుమారి గారి దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ, మీరు అక్కడ దూరంగా ఊరికే నిలబడండి చాలు. అక్కడికి బాల్ రాదు. ప్రామిస్."

"పరువు పోయే పని ఏమీ లేదుగా?" అన్నారావిడ.

"అస్సలు లేదాంటీ."

గ్లవ్ ఇస్తే ఆవిడ దాన్ని తిప్పి చూసి, ఎవరెవరి చేతులు దూరాయో అని గడ్డి మీద పెట్టేశారు. నేత చీర కుచ్చిళ్ళు సర్దుకుని, స్కూల్లో ప్రార్థన వరస ముందు నిలబడినట్టు నిలబడ్డారు.

ఆట చివరికొచ్చేసరికి లూథరన్లు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఇద్దరు అవుటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద, అంటే పరుగు దారిలోని మజిలీల మీద, ఉన్నారు. ఇంకొకడు అవుటైతే కథ కంచికే. బంతి గట్టిగా తగిలి నేల మీద పడిందా, ఇద్దరూ మొదలైన చోటికి తిరిగొచ్చి రెండు పరుగులు తెస్తారు, ఏళ్ళ తరబడి ఓడుతున్న లూథరన్లు గెలుస్తారు. బ్యాట్ పట్టుకోవాల్సింది దేవకుమార్. లూథరన్ల కెప్టెన్ సుందర్ రాజ్, పళ్ళ డాక్టరు, వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "దేవా, నువ్వు రూల్స్ చెప్పొద్దు, బాల్‌ని కొట్టు" అన్నాడు.

కొట్టాడు. ఎలా తగిలిందో అతనికే తెలియదు. చేతుల్లోంచి భుజాల దాకా తియ్యగా ఏదో పాకింది. మంచి ఆటగాడు బంతి వైపు చూడకుండా తల వంచుకుని పరుగెత్తాలని రేడియోలో ఎన్నోసార్లు విన్నాడు కనక తల వంచుకుని పరుగెత్తాడు. వెనక పెద్ద కేక వినిపించింది. మొదటి బేస్ దాటి ఆగి వెనక్కి తిరిగాడు.

అత్తగారు రెండు చేతులతో కొంగు చాపి పట్టుకుని నిలబడి ఉన్నారు. బంతి కొంగులో ఉంది. చూసిన మరుక్షణం దేవకుమార్‌కి రూలు గుర్తొచ్చింది. బంతిని చేత్తో గానీ గ్లవ్‌తో గానీ పట్టాలి. టోపీతోనో జేబుతోనో ఒంటి మీద బట్టతోనో పడితే అది పట్టినట్టు కాదు. ఆ రూలు బుర్రలోకి ఎక్కగానే మిగతాదంతా చెరిగిపోయింది.

"అవుట్ కాదు! చెల్లదు! బట్టతో పట్టకూడదు!" అని అరుస్తూ అంపైర్ దగ్గరికి పరుగెత్తాడు.

ఏసుపాదం గారు శాంతంగా విన్నారు. "దేవకుమార్, జర నా మాట విను. కొంగెవరిది? అమ్మగారిది. బంతి యాడ పడ్డది? కొంగుల. నేల మీద పడ్డదా?"

"లేదు అయ్యగారూ, కానీ రూలు..."

"నేల మీద పడలేదు గదా. ఔట్."

"అన్నయ్యా, అత్తగారి కొంగులో పడ్డాక నువ్వు సేఫ్ ఎలా అవుతావు?" అంది దెబోరా. మైదానమంతా ఘొల్లుమంది. సుందర్ రాజ్ కాసేపు దేవకుమార్ పక్షాన చేతులు ఊపాడు గానీ, అంతలో ఎవరో బిర్యానీ గిన్నె మూత తీశారు. ధర్మం కోసం నిలబడే జట్టు మొత్తం ఆ వాసన వెంట వెళ్ళిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఇతని వరస అని ఎవరో అనడం కూడా వినిపించింది.

ఆ సాయంత్రమే దేవకుమార్ టైపు మిషన్ ముందు కూర్చుని రాసేశాడు. లూసీ చదివింది.

"రిపోర్ట్ రాయమంటే కంప్లైంట్ రాశారేంటండీ? మా అమ్మ పేరు చూస్తుంటే ముద్దాయి పేరులా ఉంది."

"జరిగింది రాశాను."

"జరిగింది ఒక్క ముక్క ఉంది. రూల్ బుక్ పేజీన్నర ఉంది. ఆ మిసెస్ డోనెలీ దీన్ని పేపర్‌లో వెయ్యదు, లాయర్‌కి పంపిస్తుంది."

దేవకుమార్ కోపంగా కాగితాలు లాక్కున్నాడు. కోపం ఎందుకంటే లూసీ చెప్పింది నిజం.

మర్నాడు ఆరాధన. ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే, ఎవరైనా లేచి చెప్పవచ్చు. దానికో పద్ధతి కూడా ఏర్పడిపోయింది. ముందు ఆపద, తర్వాత మొర, ఆ తర్వాత విడుదల, చివర స్తోత్రం. వీసా ఎలా వచ్చిందో, కారు బ్రేకు ఎలా పట్టిందో అందరూ ఆ వరసలోనే చెప్తారు. ఆ సమయంలో దేవకుమార్ సాధారణంగా కిందటి రోజు స్కోర్లు నెమరువేసుకుంటూ కూర్చుంటాడు. ఆ రోజు మాత్రం తల ఎత్తాల్సి వచ్చింది, ఎందుకంటే లేచింది అత్తగారు.

"అందరికీ వందనాలండి" అన్నారు వసంతకుమారి గారు. "నాకు నిన్న ఆ ఆట తెలియదు. ఇవాళా తెలియదు. నన్ను దూరంగా నిలబెట్టారు. ఇక్కడికేమీ రాదన్నారు. మా బళ్ళో ఆటల పోటీలు ఎన్నో చూశానండి, ఎప్పుడూ కుర్చీలో కూర్చునే చూశాను. మైదానంలో నిలబడి చూస్తే వేరేగా ఉంటుంది, గాలి కూడా మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. ఆ కర్ర చప్పుడు ముందు వినపడింది. బంతి పైకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడ కాసేపు ఆగింది. ఆగదని మీరంటారు, సైన్సు చదువుకున్నారు. నాకు మాత్రం ఆగింది. అందరూ నావైపే చూస్తున్నారు. నా రిటైర్మెంట్ సభ తర్వాత అంతమంది నన్ను చూడటం మళ్ళీ నిన్ననే."

ముందు వరసలో ఎవరో పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నా వెనక దెబోరా గారి పాప రేణు పుచ్చకాయ ముక్క తింటూ కూర్చుంది. నేను పక్కకి తప్పుకుంటే పిల్ల మీద పడుతుంది. తప్పుకోకపోతే నా మీద పడుతుంది. ప్రభువా అన్నాను. మాట పూర్తి కాలేదు, చేతులే కొంగు చాపాయి. చిన్నప్పుడు మా అన్నయ్య చెట్టెక్కి చింతకాయలు రాలుస్తుంటే కింద అలాగే పట్టేదాన్ని. యాభై ఏళ్ళయింది, చేతులు మర్చిపోలేదు. దబ్బున పడింది. ఎంత బరువనుకున్నారు! మోకాళ్ళు వంగాయి. కొంగులో చూసుకుంటే ఉంది. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అంది హాలంతా. లూథరన్లు కూడా అన్నారు. సుందర్ రాజ్ అందరికంటే గట్టిగా అన్నాడు. దేవకుమార్ అందరికంటే ఆలస్యంగా అన్నాడు. ఆ బంతి కొట్టినవాడు తను, అది ఎక్కడ పడుతుందో తెలిసినవాడు తను, అయినా ఆవిడ చెప్తున్నంతసేపూ పట్టుకుంటారో లేదో అని ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ వెంటనే అసూయ పుట్టింది. ఇన్నింగ్స్ అంటే ఏమిటో తెలియని మనిషి, సగటు తెలియని మనిషి, లేచి నిలబడి ఆటని కళ్ళముందు పెట్టేసింది.

అసూయ ఎక్కువసేపు ఖాళీగా ఉండదు. ఆ రాత్రి భోజనం కాగానే దేవకుమార్ ఆవిడ చెప్పినదంతా ఇంగ్లీషులోకి దించాడు. బంతి ఆగడం, పుచ్చకాయ ముక్క, మోకాళ్ళు వంగడం, అన్నీ. నేను చూశాను, నేను చూశాను అని తన కళ్ళకి అంటగట్టాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఏమిటో తెలుగువాళ్ళకి వివరించక్కర్లేదు. లూసీకి మాత్రం చూపించలేదు.

సోమవారం లంచ్ టైములో మిసెస్ డోనెలీ ఆ కాగితాలు చదివింది. చదువుతూ చెవి మీది పెన్సిలు తీసి, దిద్దడం మర్చిపోయింది.

"ఇది బాగుంది. ఇది చాలా బాగుంది. ఒక్క ప్రశ్న. మీరు ఎక్కడ ఉన్నారు?"

"బ్యాటింగ్ చేస్తున్నానండీ. కొట్టింది నేనే."

"కొట్టి తల వంచుకుని పరుగెత్తానని పైన రాశారు. మరి అంత దూరంలో పెద్దావిడ వెనకాల పిల్ల చేతిలో పుచ్చకాయ ముక్క మీకు ఎలా కనిపించింది?"

దేవకుమార్ నోరు తెరిచాడు. అబద్ధం ఇంకొకటి ఆడవచ్చు, ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆదివారం హాలులో ఆ కుర్చీ వీపు పట్టుకున్న చేతులు ఇంకా తనవే.

"అది మా అత్తగారు చెప్పింది" అన్నాడు. "చర్చిలో సాక్ష్యంగా చెప్పారు. నేను ఎత్తేశాను."

ఆవిడ కోప్పడలేదు. కాగితాలు తిప్పి అతని ముందు పెట్టింది. "అయితే ఇది ఆవిడ సాక్ష్యం. ఆవిడ వచ్చి సంతకం పెడితే ఈ వారమే వేస్తాను. మీది ఏది? మీరు పరుగెత్తారు, ఆగారు, వెనక్కి తిరిగారు. ఏం చూశారు?"

"రూలు ప్రకారం అది..."

"రూలు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. రూలు కంటికి కనపడదు. కనపడింది చెప్పండి."

దేవకుమార్ కళ్ళు మూసుకున్నాడు. మైదానం, ఎండ, కొంగు, కొంగులో బంతి. దాని వెనకే, రెండు రోజులుగా రూలు కింద అణిగిపోయి ఉన్నది పైకి వచ్చింది. అత్తగారు నవ్వుతున్నారు. తల వెనక్కి వేసి, పళ్ళన్నీ కనపడేలా, భుజాలు ఊగేలా నవ్వుతున్నారు. ఎనిమిదేళ్ళలో ఆవిడ తన ఎదుట అలా నవ్వగా అతను చూడలేదు. ఆవిడకి అలాంటి నవ్వు ఒకటి ఉందని కూడా తెలియదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అది గుర్తుకు రావడం మాత్రం అతనికి బొత్తిగా ఇష్టం లేకపోయింది. ఆ నవ్వు చూసిన క్షణంలో, రూలు గుర్తొచ్చే ముందు, తను సంతోషించాడు. అవుటైనందుకు సంతోషించాడు.

"ఇక్కడే కూర్చుని రాయవచ్చా?" అని అడిగాడు. ఆవిడ జుట్టులోంచి పెన్సిలు తీసి ఇచ్చింది.

గురువారం పత్రిక వచ్చింది. లోపలి పేజీలో శీర్షిక, దాని కింద దేవకుమార్ పేరు. వచ్చేవారం నుంచి ఆ జాగా అతనిదే. లూసీ కూర మూత తెరిచి పెట్టి మరీ చదివి, "ఇప్పుడు మీరు ఉన్నారండీ ఇందులో" అంది. లూథరన్లకి మాత్రం అది పుండు మీద కారం చల్లినట్టయింది. సుందర్ రాజ్ ఫోన్ చేసి, "రూలు ప్రకారం మనమే గెలిచామని నువ్వే రాశావు. అవుటైనందుకు హ్యాపీ అని కూడా నువ్వే రాశావు. నీకు పన్ను నొప్పి వస్తే నా దగ్గరికి రాకు" అని పెట్టేశాడు.

వసంతకుమారి గారు డైనింగ్ టేబుల్ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు కొద్దీ చేతిలో ఎర్ర పెన్సిలు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఒకచోట కామా దిద్దారు. తర్వాత తల ఎత్తారు.

"మీరు సంతోషించారా?"

"అవునండీ."

"అవుటైనందుకా?"

"మీరు నవ్వినందుకండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి, పత్రిక మడిచి, గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రోజూ మర్నాడూ ఆవిడ ముభావంగానే ఉన్నారు. దేవకుమార్‌కి భయం వేసింది. ఊరంతా చదివే పేపరులో పెద్దావిడ పళ్ళన్నీ కనపడేలా నవ్విందని రాయడం తప్పేమో అనుకున్నాడు. "అమ్మ ఏదో ఆలోచిస్తోంది. నన్నడక్కండి, నాకూ చెప్పట్లేదు" అంది లూసీ.

ఆదివారం సాక్ష్యాల సమయానికి వసంతకుమారి గారు మళ్ళీ లేచారు. చేతులు కట్టుకున్నారు.

"పోయిన వారం నేను చెప్పిన సాక్ష్యంలో ఒక అబద్ధం ఉందండి. దిద్దుకుందామని నిలబడ్డాను."

ఏసుపాదం గారు ప్రసంగం కాగితాలు పక్కన పెట్టేశారు.

"నా వెనక రేణు పాప ఉన్న మాట నిజం. అయితే బంతి పట్టాక వెనక్కి తిరిగితే కనపడింది. అంతకు ముందు నాకు తెలియనే తెలియదు. పాప కోసం పట్టానని చెప్తే బాగుంటుందని చెప్పాను. అసలు మాట ఏంటంటే, మా అల్లుణ్ణి అవుట్ చెయ్యాలనే పట్టాను."

ఎవరి కుర్చీయో కిర్రుమంది.

"ఎనిమిదేళ్ళుగా ఈయన్ని నీళ్ళలో ముంచలేకపోయానండి. ఆ బంతి పైకి లేచినప్పుడు, కనీసం ఈ ఆటలో అయినా ముంచుదామనుకున్నాను. ప్రభువా అన్నది అందుకే. పడింది. నవ్వాను. ఆ నవ్వు చూసి సంతోషించానని ఈయన పేపర్లో రాసుకున్నారు. ఓడినవాడు అంత నిజం రాస్తే, గెలిచినదాన్ని నేను పిల్లని అడ్డం పెట్టుకున్నాను. అది నాకు నచ్చలేదు. క్షమించండి." చెప్పి కూర్చున్నారు.

పద్ధతి ప్రకారం ఇక్కడ స్తోత్రం అనాలి, కానీ దేనికని అంటారు? ముందుగా సుందర్ రాజ్‌కి నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత దెబోరాకి. ఆ తర్వాత ఎవరు ఏ సంఘం వాళ్ళో తెలియకుండా హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది దేవకుమార్. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా నిలబడి చూశాడు, అచ్చులో వేశాడు, అయినా ఆ నవ్వు తన మీదేనని తెలుసుకోలేకపోయాడు. అలాంటి నవ్వు ఎవరి మీదైనా నవ్వారంటే, ఆ మనిషి మన ఇంటివాడని లెక్క.

"సాక్ష్యం సరిదిద్దుకున్నందుకు దేవునికి స్తోత్రం" అన్నారు ఏసుపాదం గారు. "ఔట్ మాత్రం ఔటే."

ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో లూసీ ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడింది. అత్తగారూ అల్లుడూ కారు దగ్గర నిలబడ్డారు.

"ఇది కూడా పేపర్లో వేస్తారా?" అని అడిగారావిడ.

"మీరు వద్దంటే వెయ్యనండీ."

"వెయ్యండి. వేస్తే పూర్తిగా వెయ్యండి. నాకు అంత నవ్వు ఎందుకొచ్చిందో లోపల చెప్పలేదు, చర్చి కదా అని. మిమ్మల్ని అవుట్ చేసినందుకు మామూలుగా నవ్వేదాన్నే. కానీ చూస్తే మీరు అక్కడ ఆ బ్యాట్ చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఒగరుస్తూ, నోరు తెరుచుకుని, క్రికెట్ ఆడే చిన్న కుర్రాడిలా. అప్పుడిక ఆగలేదు. ఆ తర్వాత మీ మీద కోపం ఎంత తెచ్చుకుందామన్నా రావడం లేదు."

దేవకుమార్‌కి పౌరుషం వచ్చింది. "బ్యాటా? లేదండీ. బేస్‌బాల్‌లో కొట్టగానే బ్యాట్ వదిలేసి పరుగెత్తాలి. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. బ్యాట్ పట్టుకుని ఎవరూ పరుగెత్తరు."

"మీరు పరుగెత్తారు బాబూ" అన్నారు వసంతకుమారి గారు. "నేను చూశాను."